ఏ మొక్క కింది మట్టి?

కొల్లేటి మట్టిలో భాస్వరం ఎంతుందని ఎవరైనా అడిగితే నేను తిరిగి వేసే ప్రశ్న ఒక్కటే. ఏ మొక్క కింది మట్టి? కిక్కిస కిందా, జమ్ము కిందా, తామర కిందా, గుర్రపుడెక్క కిందా, ఏమీ మొలవని ఉత్త బురదలోనా? పది అడుగులు పక్కకు జరిగితే నేల మారదు, నీరు మారదు. రిపోర్టు మాత్రం మారిపోతుంది. సరస్సు మొత్తానికి ఒకే సగటు అంకె వేసిన కాగితం చూస్తే నాకు చిరాకు. ఆ అంకె ఏ మొక్కదీ కాదు, ఏ నేలదీ కాదు.

తడినేలల మట్టి తీయడం, కోయడం, కరిగించడం, రంగు తెప్పించి చదవడం ఇరవై ఏళ్లకు పైగా నా బతుకుతెరువు. అందులో ఎక్కువ కాలం కొల్లేట్లోనే గడిచింది. కొత్తగా వచ్చేవాళ్లు ఇది ల్యాబు ఉద్యోగం అనుకుంటారు. సగం పని తొడలోతు బురదలో జరుగుతుంది. మిగతా దాంట్లో సగం లేబుళ్లు రాయడం, సీసాలు కడగడం. యంత్రం ముందు కూర్చునేది చివరి కాసేపే. దానికే ఫోటోలు తీస్తారు.

ముందు చోటు తెలుసుకోండి, తర్వాత మట్టి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, వాటితో పాటు బోలెడు మురుగు కాలువలు నీళ్లు తెచ్చి పోస్తాయి. బయటికి, సముద్రంలోకి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఎగువ పొలాల యూరియా, ఊళ్ల మురుగు అన్నీ చివరికి చేరేది ఇక్కడికే. 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ తడినేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మట్టి తీసేవాడికి ఈ తేదీలెందుకు అంటారా? గట్టు పోయింది గానీ గట్టు లోపలి బురద ఎక్కడికీ పోలేదు. ఏళ్ల తరబడి తవుడు, కోళ్ల ఎరువు, సూపర్‌ఫాస్ఫేటు తిని బలిసిన నేల అది. దాని పక్కనే ఎన్నడూ చెరువు కాని నేల ఉంటుంది. ఇవాళ రెండింటి మీదా ఒకే జమ్ము ఊగుతూ ఉండొచ్చు. తేడాకు కారణం మొక్క అని రాసేస్తే పప్పులో కాలేసినట్టే. అందుకే మట్టి తీసే గొట్టం దించే ముందు పాత మ్యాపు, పాత ఉపగ్రహ చిత్రం చూడాలి. అవి చెప్పనిది దోనె నడిపే మనిషిని అడగాలి.

నాకు దోనె నడిపిన తాత ఒకాయన ఉండేవాడు. చేపలు పట్టే వడ్డీల పెద్ద. తాటి దోనె మీద గెడ వేస్తూ నిలబడితే ఎంత గాలి వీచినా తొణికేవాడు కాదు. నేను కొనుక్కున్న ఆక్సిజన్ మీటరు ఆయన ముందు పెట్టి గొప్పగా వాడి చూపిస్తే, ఒకసారి నవ్వి ఊరుకున్నాడు. తర్వాత డెక్క గట్టిగా పేరుకున్న చోటికి తీసుకెళ్లి, "బాబుగారూ, దీని కింద బొచ్చె దొరకదు, శీలావతి దొరకదు. కొరమేను, మట్టగిడస, ఇంగిలాయి, అంతే" అన్నాడు. మీటరు దించాను. దాదాపు సున్నా చూపించింది. ఆయన చెప్పిన మూడూ పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగల చేపలే. నీళ్లలో కరిగిన గాలి మీద బతికే బొచ్చెకు అక్కడ పనిలేదు. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా, ఇక్కడ ఏ చేప పడుతుందని అడగడం అలవాటు చేసుకున్నాను. మీరూ చేసుకోండి. ఖర్చులేని రీడింగు అది.

ఇక గొట్టం సంగతి. మూడంగుళాల పి.వి.సి. గొట్టం చాలు, కింది అంచు ఆకురాయితో పదును పెట్టాలి. దోనె మీద నుంచి నొక్కొద్దు. దోనె కదిలితే కోర్, అంటే గొట్టంలోకి వచ్చే మట్టి కడ్డీ, వంకరపోతుంది. దిగండి. దిగినచోట తీయొద్దు, మీ పాదం కలిపేసిన మట్టి ఇక దేనికీ పనికిరాదు. చేయి చాచినంత దూరంలో గొట్టాన్ని నిటారుగా దించి, పైదాకా నీళ్లు నింపి, రబ్బరు బిరడా బిగించి, అప్పుడు లాగండి. బిరడా లేకుండా లాగితే అడుగు మట్టి జారిపోయి ఖాళీ గొట్టం చేతికొస్తుంది. పైకి తీశాక తొందరపడొద్దు. బురద మీది మూడు నాలుగు సెంటీమీటర్లు దోసెపిండిలా జారుగా ఉంటుంది. కొత్తవాళ్లు అది నీళ్లే అనుకుని వంచేస్తారు. మట్టికీ నీటికీ నడుమ లావాదేవీలు ఎక్కువగా జరిగేది ఆ పొరలోనే. పై నీటిని పీపెట్టుతో మెల్లగా లాగేసి, ఆ పొరను విడిగా సంచిలోకి దించుకోవాలి.

కిక్కిస, జమ్ము దుబ్బులు కట్టి పెరుగుతాయి కనుక ఒక్కచోట తీస్తే చాలదు. దుబ్బు నడిబొడ్డున ఒకటి, దుబ్బుకూ దుబ్బుకూ మధ్య ఒకటి, ఆ మొక్క అసలు లేని చోట ఒకటి. మూడోది లేకపోతే మొదటి రెండింటికీ అర్థం లేదు. చుట్టూ చూసుకోండి కూడా. ఆటపాక వైపు పెలికాన్లు గూళ్లు కట్టే చెట్ల కింద భాస్వరం ఎక్కువ వస్తే అది రెట్ట పుణ్యం, చెట్టు ప్రతాపం కాదు. గేదెలు దిగే రేవులో తీసిన మట్టికీ ఇదే మాట వర్తిస్తుంది. లేబుల్ పెన్సిల్‌తో రాయండి, రెండు సంచుల మధ్య పెట్టండి. ఏ సిరా అయినా కొల్లేటి నీళ్లలో నిలవదు, డబ్బా మీద ఏమి రాసి ఉన్నా నమ్మొద్దు.

సంచిలోంచి గాలి పిండేసి, ముడేసి, ఐస్ పెట్టెలో పెట్టాలి. ఇక్కడ ఒక కథ చెప్పాలి. మా దగ్గర చేరిన ఒక కుర్రాడు పొలాల మట్టి పరీక్షలో చేయి తిరిగినవాడు. పొలం మట్టిని నీడలో ఆరబెట్టి, దంచి, జల్లించి పరీక్షిస్తారు కదా. అలవాటు కొద్దీ జమ్ము కింది మట్టినంతా న్యూస్‌పేపర్ల మీద పరిచి, మే నెలలో ఫ్యాను కింద ఆరబెట్టాడు. శ్రద్ధగానే చేశాడు, వరసలు కూడా తప్పలేదు. రిపోర్టులో అమ్మోనియం బాగా పడిపోయింది, నైట్రేటు ఎక్కడిదో పుట్టుకొచ్చింది. గాలి తగలని బురదలో నత్రజని అమ్మోనియం రూపంలో ఉంటుంది. గాలి తగిలితే కొంత ఎగిరిపోతుంది, కొంత నైట్రేటుగా మారుతుంది. బురదలో కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి భాస్వరాన్ని కూడా పట్టేస్తుంది. ఆ కుర్రాడు పరీక్షించింది కొల్లేటిని కాదు, మా వరండాని. తడినేల మట్టిని తడిగానే తూచి, తడిగానే రెండు మోలార్ పొటాషియం క్లోరైడులో గంట ఊపి వడకట్టాలి. అదే మట్టిలోంచి ఇంకో ముద్ద తీసి ఓవెన్లో ఆరబెట్టి తేమ లెక్క కట్టాలి. పొలాలకు మనవాళ్లు వాడే పర్మాంగనేట్ పద్ధతి, 1956లో సుబ్బయ్య, అసిజ ఇచ్చినది, పొలాలకు మంచిదే. ఇక్కడ నాకు కావలసింది ఇప్పుడు ఎంత అమ్మోనియం ఉంది, ఎంత నైట్రేటు ఉంది అన్నది. దానికి ఉప్పునీటి ఊపుడే మేలు.

నాకు ఈ పని నేర్పిన మాస్టారు పెద్ద చదువు చదివినవారు కాదు, ల్యాబు టెక్నీషియన్. రెడాక్స్, అంటే మట్టిలో గాలి ఎంత ఆడుతోందో చెప్పే వోల్టేజి, చదవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బురదలోకి ప్లాటినం తీగ దించి, మిల్లీవోల్టులు చదివి, సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ వాడితే సుమారు 200 కలుపుకోవాలి. కలపడం మర్చిపోయిన పట్టికలు అచ్చులో కూడా చూశాను. గాలి ఆడే మట్టిలో 400 పైన ఉంటుంది. 250 ప్రాంతంలో సూక్ష్మజీవులు నైట్రేటును పీల్చడం మొదలెడతాయి. 100 ప్రాంతంలో తుప్పు కరుగుతుంది. సున్నా దాటి కిందికి, మైనస్ 100 దాకా వస్తే గంధకం వంతు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. మైనస్ 200 దిగితే మీథేన్ బుడగలు. గీత గీసినట్టు ఉండవు ఈ హద్దులు, కానీ వరస తప్పదు. "తీగ దించగానే రాసేయకు నాయనా, అది కుదురుకోనీ" అనేవారు మాస్టారు. అరగంటైనా ఆగాలి. ఆ అరగంటా కాళ్లకు జలగలు పడతాయి. ఆగాల్సిందే.

ఉత్త బురదలో ఆ తీగ బుద్ధిగా మైనస్‌లో కూర్చుంటుంది. కిక్కిస వేళ్ల నడుమ దించితే కుదురుండదు. ఒకచోట ప్లస్, అంగుళం పక్కన మైనస్. మొదట్లో తీగ పాడైందనుకుని మార్చేవాళ్లం. మాస్టారు ఒక వేరు పీకి కడిగి తెల్లకాగితం మీద పెట్టారు. నల్లటి బురదలోంచి వచ్చిన వేరు మీద ఇటుక రంగు పూత. తుప్పు. కిక్కిస కాడ బోలుగా ఉంటుంది, జమ్ము ఆకును అడ్డంగా కోస్తే గదులు గదులుగా కనిపిస్తుంది. పైనున్న గాలి ఆ దారిన దుంపదాకా దిగి, వేళ్ల కొసల్లోంచి బురదలోకి కారుతుంది. కారిన చోటల్లా కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి వేరుకు అంటుకుంటుంది. ఆ తుప్పు భాస్వరాన్ని పట్టుకుని కూర్చుంటుంది. నేను ఆ పూతను డైథియోనైట్ ద్రావణంలో కరిగించి ఇనుము, భాస్వరం రెండూ చదివితే, రెండూ కలిసికట్టుగా ఎక్కువ వచ్చాయి. పక్కనున్న ఉత్త బురదలో ఆ పొత్తు లేదు. చదివింది, తవ్వింది, కొలిచింది మొదటిసారి ఒకే మాట చెప్పాయి. ఆ సాయంత్రం మాస్టారికి కైకలూరులో బజ్జీలు తినిపించాను. ఆ మెలకువ ఆయనది, నేను కొలిచానంతే.

నత్రజని కథ ఇంకా చిత్రం. వేరు పక్కన గాలి ఉంది కనుక అమ్మోనియం నైట్రేటుగా మారుతుంది. ఆ నైట్రేటు కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిగితే గాలి లేని బురద. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని నత్రజని వాయువుగా మార్చి పైకి వదిలేస్తాయి. పైసా ఖర్చు లేకుండా యూరియా ఆకాశంలోకి పోతుంది. కిక్కిస, జమ్ము లాంటి నిలువు మొక్కలు చేసే గొప్ప సాయం ఇదే. భాస్వరానికి ఈ దారి లేదు. అది వాయువుగా ఎగిరిపోదు. మట్టిలో పూడుకోవాలి, లేదా ఉప్పుటేరు దారి పట్టాలి, లేదా ఎవరైనా మొక్కను కోసి ఒడ్డు దాటించాలి. ఈ తేడా మీకు ఒంటబడితే ఈ పనిలో సగం వచ్చేసినట్టే. నత్రజని తగ్గిందని సంబరపడే రిపోర్టుల్లో భాస్వరం వరసను ముందు చూడండి.

కిక్కిసకు పొదుపు ఎక్కువ. కాడ ముదిరే కొద్దీ ఆకుల్లోని నత్రజని, భాస్వరం చాలావరకు కింది దుంపలోకి దించేసుకుంటుంది. పైన ఎండి మిగిలేది పీచు, సిలికా. అది రాలి పడితే ఓ పట్టాన కుళ్లదు. కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని చుట్టుపక్కల మట్టిలోంచే లాక్కుంటాయి. అందుకే కిక్కిస దుబ్బు కింద సేంద్రియ కర్బనం బాగా కనిపిస్తుంది, చేతికందే నత్రజని తక్కువ కనిపిస్తుంది. రైతు కంటితో చూస్తే పేద నేల. సరస్సు కంటితో చూస్తే దాచుకున్న నేల. తడికలకు, పాకలకు కిక్కిస కోసేవాళ్లను నేనెప్పుడూ అడిగేది ఏ నెలలో కోస్తారనే. ఎండాక కోస్తే ఇంటి కప్పు గట్టిగా ఉంటుంది, పోషకాలు మాత్రం దుంపలోనే మిగిలిపోతాయి. పచ్చగా ఉండగా కోస్తే పోషకాలు కట్టతో పాటు ఒడ్డు దాటుతాయి, తడిక పురుగు పట్టి పాడవుతుంది. కోసేవాళ్లకూ సరస్సుకూ ఒకే నెల కుదరదు.

జమ్ము దూకుడుగా పెరుగుతుంది. పోషకాలు పొంగిన చోట అది అందరినీ తోసేసి ఎక్కేస్తుంది. అమెరికాలో ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్‌లో చెరకు తోటల మీదుగా వచ్చిన భాస్వరం నీళ్లు పారిన చోట, ఎన్నో ఏళ్లుగా ఉన్న రంపపు గడ్డి పోయి జమ్ము జాతి మొక్క కమ్మేసింది. మన దగ్గర మురుగు కాలువ నోళ్ల దగ్గర, పాత చెరువుల అడుగుల్లో జమ్ము ఎందుకు ఒత్తుగా ఉంటుందో ఆలోచించుకోండి. ఇక్కడొక చిక్కుంది. జమ్ము ఉంది కాబట్టి మట్టి అలా అయిందా, మట్టి అలా ఉంది కాబట్టి జమ్ము వచ్చిందా? ఒక్కసారి తీసిన కోర్‌తో దీనికి జవాబు చెప్పేవాడు అబద్ధమైనా ఆడుతుండాలి, జ్యోతిషమైనా చెబుతుండాలి. అదే చోట కాలాలు మారుతుండగా మళ్లీ మళ్లీ తీయాలి. కుదిరితే కొంచెం జాగా కోసి, కోసిన చోటూ కోయని చోటూ పక్కపక్కన పెట్టి చూడాలి. కోసేటప్పుడు నీటి మట్టానికి పైనే కోయండి. పాత ఎండు మోళ్లు కూడా గాలి గొట్టాలే. నీళ్లలోకి పోయేలా కోస్తే దుంపకు ఊపిరాడక దుబ్బు చచ్చి, దాచుకున్నదంతా వదిలేస్తుంది. చంపాలనుకున్నవాళ్లు కావాలనే అలా కోస్తారు.

గుర్రపుడెక్క వేరు మామూలుగా మట్టిని తాకదు. అయినా మట్టి మీద దాని పెత్తనం అంతాయింతా కాదు. చాపలా పరుచుకుని వెలుతురు ఆపేస్తుంది, గాలిని నీటికి తగలనివ్వదు. కింద నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అప్పటిదాకా భాస్వరాన్ని పట్టుకున్న తుప్పు కరిగిపోయి దాన్ని నీళ్లలోకి వదులుతుంది. పైనున్న డెక్క దాన్ని తాగి ఇంకా బలుస్తుంది. బలిసిన డెక్క చచ్చి అడుగుకు చేరుతుంది, మళ్లీ అదే చక్రం. దాని ఒళ్లంతా నీరే, నూటికి తొంభై అయిదు పాళ్ల దాకా. పీచు తక్కువ, అందుకే కుళ్లడం చాలా త్వరగా.

ఆ కుళ్లే వేగం కొలవడానికి లిట్టర్ బ్యాగులు కడతాం. నైలాన్ జాలీ సంచుల్లో తూచిన ఎండాకు పెట్టి, అడుగున కట్టి, కొన్ని వారాలకోసారి తీసి మళ్లీ తూచడం. సంచిని ఇనుప తీగతో కట్టొద్దు, మనం కొలిచేదే ఇనుము, భాస్వరం. నైలాన్ దారంతో కట్టండి. గుర్తుకు ఎర్రగుడ్డ కట్టడం మానేయండి. ఎర్రగుడ్డ చూస్తే పిల్లలు పీకుతారు, పెద్దలు ఎవరో ఏదో పాతారని భయపడి పీకుతారు. తాత చెప్పిన చిట్కా ఏమిటంటే వెదురు కర్రకు పాత వల ముక్క చుట్టి వదిలేయమని. ఎవరిదో వల అనుకుని ఎవరూ తాకరు. ఒకరి వల ఇంకొకరు ముట్టుకోరు అక్కడ. ఆ తర్వాత మా సంచులు పోవడం మానేశాయి. డెక్క సంచి విప్పితే కొద్ది వారాలకే ఈనెలు, కాస్త జిగురు మిగిలేవి. కిక్కిస సంచి పెట్టినప్పటి బరువుకు కాస్త తక్కువగా అలాగే ఉండేది. మా కొత్త కుర్రాళ్లకు సిద్ధాంతం చెప్పను, ఆ రెండు సంచులూ చేతిలో పెడతాను.

తామర, కలువ నడిమి రకం. తామర కూడా తన తూడు గుండా దుంపకు గాలి పంపుకుంటుంది, కానీ ఆకులు పరిచి నీటికి నీడ వేస్తుంది. ఆకు మెత్తన, త్వరగా కుళ్లుతుంది. వాటి గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పను, తామర దుబ్బుల్లో పాములు ఎక్కువ, నేను తీసిన కోర్లు తక్కువ. నీటి మీద పచ్చగా పరుచుకునే అజొల్లా గాలిలోని నత్రజనిని పట్టి తెస్తుందని గుర్తుంచుకోండి చాలు. అది చచ్చి అడుగుకు చేరిన చోట నత్రజని ఎక్కువ వస్తే యూరియాను తిట్టకండి.

నీళ్లలో మునిగి పెరిగే నాచుతో మాత్రం జాగ్రత్త. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడును లాగేస్తుంది, పి.హెచ్. 9 దాటిపోతుంది. అప్పుడు అమ్మోనియా గాలిలోకి ఎగురుతుంది. పై పొర మట్టిలో తుప్పు భాస్వరం మీద పట్టు సడలిస్తుంది. అదే సమయానికి సున్నం ఉన్న నీళ్లలో కొంత భాస్వరం కాల్షియంతో కలిసి ఆకుల మీద గట్టిపడుతుంది. రాత్రికి అంతా తలకిందులు. పొద్దున ఆరింటికి ఒకరు, మధ్యాహ్నం రెండింటికి ఇంకొకరు తీసుకొచ్చిన నీటిని పక్కపక్కన పెట్టి పోట్లాడుకున్న ఇద్దరు స్కాలర్లు నాకు తెలుసు. ఇద్దరి అంకెలూ నిజమే. నోటుబుక్కులో గంట రాయని రీడింగు మాత్రం నేను ఒప్పుకోను.

ఉప్పుటేరు వైపు వెళ్తే మొత్తం లెక్కే వేరు. ఎండాకాలం ఎగువ నీళ్లు తగ్గితే సముద్రపు నీరు ఎదురెక్కుతుంది. దాంతో సల్ఫేటు వస్తుంది. గాలి లేని బురదలో సల్ఫేటు సల్ఫైడు అవుతుంది, సల్ఫైడు ఇనుమును నల్లగా బిగించేస్తుంది. ఇనుము బిగిసిపోతే భాస్వరాన్ని పట్టేవాడు ఎవరు? లోపలి కిక్కిస కింద చూసిన తుప్పు కథ ఇక్కడ సగమే పనిచేస్తుంది. ల్యాబులోనూ ఇదే ఇబ్బంది. సేంద్రియ కర్బనానికి మనం వాడే 1934 నాటి వాక్లీ బ్లాక్ పద్ధతిలో క్లోరైడు, కరిగిన ఇనుము రెండూ దొంగలెక్క చూపి అంకెను పెంచేస్తాయి. ఉప్పు మట్టికి సిల్వర్ సల్ఫేటు కలపండి, లేదా మఫిల్ ఫర్నేసులో 550 డిగ్రీల దగ్గర కాల్చి, పోయిన బరువును పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.

భాస్వరం చదవడానికి ఓల్సెన్ ద్రావణం, 1954 నాటిది, పి.హెచ్. 8.5. కొల్లేటి మట్టితో తీస్తే వడకట్టిన నీరు టీ డికాక్షన్ రంగులో వస్తుంది. కుళ్లిన ఆకుల రంగు అది. నీలం రంగు చదవాల్సిన యంత్రం దీన్ని కూడా కలిపి చదివేస్తుంది. బొగ్గుపొడి వేసి రంగు తీసేయాలి. అయితే బొగ్గులోనే భాస్వరం ఉంటుంది చాలాసార్లు. కొత్త సీసా తెరిచినప్పుడల్లా మట్టి లేకుండా బొగ్గు ఒక్కటీ వేసి బ్లాంక్ నడపండి. మాస్టారు బొగ్గును యాసిడ్‌తో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో ఓపిగ్గా కడుగుతూ కూర్చునేవారు. అది చూసి నవ్వుకున్నవాళ్ల రిపోర్టులన్నీ తర్వాత దిద్దుకోవలసి వచ్చింది.

అన్నిటికంటే ఎక్కువ మంది తప్పే లెక్క ఇంకొకటుంది. కిలో మట్టికి ఇన్ని మిల్లీగ్రాములు అని రాసి ఊరుకుంటారు. డెక్క కింది బురద తేలిక, ఘన సెంటీమీటరుకు 0.3 గ్రాములే ఉందనుకోండి. పక్కన బంకమట్టి 1.0. చదరపు మీటరు జాగాలో పది సెంటీమీటర్ల లోతు అంటే వంద లీటర్లు. డెక్క కింద అది 30 కిలోల మట్టి, బంకమట్టిలో 100 కిలోలు. డెక్క బురదలో కిలోకు 40 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటే మొత్తం 1.2 గ్రాములు. బంకమట్టిలో కిలోకు 20 మాత్రమే ఉన్నా మొత్తం 2 గ్రాములు. కిలో లెక్కలో సగం ఉన్నది, జాగా లెక్కలో ఎక్కువైపోయింది. మొక్కలు వేళ్లు పెట్టేది జాగాలో, కిలోలో కాదు. కోర్ పరిమాణం, తడి బరువు, ఎండు బరువు, మూడూ ప్రతి ముక్కకూ రాయండి. బద్ధకిస్తే మొక్కల మధ్య పోలికంతా తలకిందులవుతుంది.

ఆకును కూడా అడగొచ్చు. 1996లో కోర్సెల్మన్, మ్యూలెమన్ అనే డచ్ శాస్త్రవేత్తలు ఆకులో నత్రజనికీ భాస్వరానికీ ఉన్న నిష్పత్తి 14 కంటే తక్కువైతే నత్రజని కొరత, 16 కంటే ఎక్కువైతే భాస్వరం కొరత అని సూత్రం ఇచ్చారు. అది యూరప్ తడినేలల్లో పుట్టిన సూత్రం. నేను వాడతాను, కానీ ముదురాకును లేతాకుతో కలపను. కిక్కిస ముదిరితే ఆకు ఖాళీ చేసుకుంటుందని ఇందాకే చెప్పాను కదా.

ఇదంతా ఎవరికి పనికొస్తుంది? కలుపు తీసే కాంట్రాక్టు రాసేవాళ్లకు. ఒకచోట డెక్కంతా యంత్రంతో తీయించారు. సంతోషమే. తీసి గట్టు మీదే గుట్టలు పోశారు. వానలు పడ్డాయి, గుట్టలు కుళ్లి కారాయి, భాస్వరం వచ్చిన దారినే వెనక్కి పోయింది. మరుసటి ఏడాది అదే గట్టు పక్కన డెక్క ముందుకంటే దట్టంగా వచ్చింది. ఇంకోచోట అందం కోసమని కాలువ నోట్లో జమ్ము, కిక్కిస అంతా వేళ్లతో సహా పెకలించారు. నత్రజనిని గాలిలోకి పంపే వేళ్లు పోయాయి, తుప్పు పూతలు పోయాయి. కదిలిన బురద నీళ్లలో కలిసి లోపలికి పోయింది.

కాలువ నోళ్ల దగ్గర కిక్కిస, జమ్ము పట్టీలను ఉండనివ్వండి. దట్టమైతే పచ్చగా ఉండగా, నీటికి పైన, వంతులవారీగా కోయండి. డెక్కను కుళ్లకముందే తీయండి. తీసినదాన్ని వానాకాలం మొదలయ్యేలోపు సరస్సులోకి నీరు జారని చోటికి తరలించి కంపోస్టు చేయించండి. రవాణా ఖర్చు టెండరులో రాయకుండా డెక్క తీయించడం డబ్బు దండగ.